ఇంట్లోనే పండుగ గ్రీటింగ్ కార్డులు: మడత నుంచి కవరు దాకా

పండుగ కార్డులు చేద్దామని కూర్చునేవాళ్లలో చాలామంది ముందుగా రంగు కాగితాలు, మెరుపులు, రిబ్బన్లు బల్ల మీద పోసుకుంటారు. రెండు కార్డులు అయ్యేసరికి నేలంతా ముక్కలు, వేళ్ల నిండా జిగురు. మిగతావాళ్లకి ఫోన్‌లో మెసేజ్ పెట్టేద్దాంలే అని లేచిపోతారు. అలంకరణ చివర్లో వచ్చే పని. సూటిగా తెగిన అంచు, పగలని మడత, లోపల మీ చేతిరాతలో నాలుగు వాక్యాలు ఉంటే, పైన ఒక్క చిన్న బొమ్మ ఉన్నా కార్డు నిండుగా కనిపిస్తుంది. ఆ మూడూ సరిగా లేకపోతే ఎన్ని పూసలు అతికించినా లాభం లేదు.

ముందు పేర్లు రాసుకోండి

ఒక కాగితం మీద ఎవరెవరికి ఇవ్వాలో పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కన అది చేతికి ఇచ్చేదా, పోస్టులో వెళ్లేదా అన్నది గుర్తు పెట్టండి. పోస్టులో వెళ్లే కార్డు పల్చగా, ఉబ్బెత్తు లేకుండా ఉండాలి. గుండీలు, పూసలు, తెరవగానే లేచి నిలబడే పాప్-అప్‌ల సరదా చేతికిచ్చే కార్డుల్లో తీర్చుకోవచ్చు.

తర్వాత ఒక్క డిజైన్ ఎంచుకోండి. మనిషికో డిజైన్ అనుకుంటే పని తెమలదు. అదే బొమ్మకి రంగు మార్చండి, పైన రాసే మాట మార్చండి, చాలు. అన్నీ ఒకే చేతి నుంచి వచ్చాయని తెలుస్తుంది, ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు కూడా. పోస్టులో పంపేవి ఉంటే పండుగకి మూడు వారాల ముందే మొదలుపెట్టండి. రంగులు ఆరడానికి, కాగితం చదును కావడానికి మనం అనుకున్నదాని కంటే ఎక్కువ టైమ్ పడుతుంది.

కాగితం

మామూలు ప్రింటర్ కాగితం 80 జీఎస్‌ఎం. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె చెబుతుంది. దానితో కార్డు చేస్తే నిలబెట్టగానే వంగిపోతుంది. కార్డుకి 200 నుంచి 250 జీఎస్‌ఎం మందం బాగుంటుంది. వాటర్ కలర్స్ వాడేటట్టయితే 300 జీఎస్‌ఎం వాటర్ కలర్ కాగితమే తీసుకోండి, అంతకంటే పల్చనిది తడికి అలలు తేలుతుంది. 80 జీఎస్‌ఎం కాగితం కూడా పారేయకండి, లోపలి పేజీకి, కవరుకి అదే కావాలి.

నిగనిగలాడే కాగితం చూడ్డానికి బాగుంటుంది కానీ దాని మీద జెల్ పెన్ సిరా ఆరదు. ఎంతసేపటికీ వేలికి అంటుతూనే ఉంటుంది. మెరుపు లేని కాగితమే మేలు.

కొలత సంగతికొస్తే, ఎ4 షీటు తీసుకుంటే వృథా ఉండదు. 297 మిల్లీమీటర్ల పొడవును సరిగ్గా మధ్యకి కోస్తే రెండు ఎ5 ముక్కలు వస్తాయి, ఒక్కోటి 148 × 210. ఒక్కో ముక్కని 105 దగ్గర మడిస్తే ఎ6 కార్డు, అంటే 105 × 148. ఒక షీటుకి రెండు కార్డులు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది: కాగితంలో పోగు ఏ వైపు పరుచుకుందో చూడటం. కాగితం తయారయ్యేటప్పుడు అందులోని నార ఎక్కువగా ఒకే దిశలో సర్దుకుంటుంది. ఆ దిశ వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పగిలినట్టు గరుకుగా వస్తుంది. తెలుసుకోవడం తేలికే. షీటును మడవకుండా రెండంచులూ దగ్గరికి తెచ్చి మెల్లగా నొక్కండి, తర్వాత రెండో వైపు నుంచి అలాగే చేయండి. ఏ వైపు తక్కువ ఎదురు తిరిగిందో ఆ వంపు గీత వెంబడే పోగు ఉన్నట్టు. నమ్మకం కుదరకపోతే చిన్న ముక్క చింపి చూడండి, పోగు వెంబడి సూటిగా చిరుగుతుంది, అడ్డంగా అయితే వంకరలు పోతుంది. ఎ4 షీటులో పోగు పొడవు వెంబడి ఉంటే, పైన చెప్పిన లెక్కలో మడత సరిగ్గా పోగు వెంబడే పడుతుంది. అడ్డంగా ఉన్న షీటు దొరికితే దాన్ని విడి బొమ్మలు కత్తిరించుకోవడానికి పక్కన పెట్టేయండి.

కోయడం, మడవడం

కత్తెరతో పొడవాటి సూటి కోత రావడం కష్టం. స్టీలు స్కేలు, కట్టర్ వాడండి. ప్లాస్టిక్ స్కేలు అయితే బ్లేడు దాని అంచునే చెక్కేస్తుంది. కింద ఒక మందపాటి అట్ట వేసుకుని, స్కేలును గట్టిగా అదిమి పట్టి, ఒకే గీత మీద మూడు నాలుగు సార్లు తేలిగ్గా లాగండి. ఒక్క లాగుకే తెగాలని బలం పెడితే బ్లేడు పక్కకి జారుతుంది, స్కేలు పట్టుకున్న వేళ్లు అక్కడే ఉంటాయి. బ్లేడు మొన మొద్దుబారగానే విరిచేసి కొత్త మొన తీసుకోండి. ప్రమాదాలు ఎక్కువగా మొద్దు బ్లేడుతోనే, ఎందుకంటే దానికే బలం పెడతాం. పిల్లలు పక్కన ఉంటే ఈ పని ముందే ముగించి కట్టర్ దాచేయండి. వాళ్లకి అచ్చులు వేసే పని ఇవ్వొచ్చు, అందులో వాళ్లు మనకంటే హుషారు.

మందపాటి కాగితాన్ని చేత్తో నేరుగా మడవకూడదు. ముందు మడత గీత పడాలి. సిరా అయిపోయిన బాల్ పెన్ ఒకటి వెతకండి (ఏ ఇంట్లోనైనా పెన్నుల డబ్బాలో సగం అవే ఉంటాయి). 105 దగ్గర పైనా కిందా సన్నగా చుక్క పెట్టుకుని, స్కేలు ఆనించి, కింద రెండు మూడు పాత కాగితాలు పరిచి, ఆ పెన్నుతో ఒకసారి గట్టిగా గీయండి. కాగితం తెగకుండా గాడి మాత్రం పడాలి. ఆ గాడి కార్డుకి బయటి వైపు వచ్చేలా మడవండి. అప్పుడు లోపలి వైపు సన్నటి ఉబ్బు వస్తుంది, బయట కాగితం లాగుడు పడి పగలదు. మడిచాక పైన ఒక తెల్ల కాగితం వేసి చెంచా వీపుతో మడత మీద రుద్దండి. నేరుగా రుద్దితే ఆ చోట కాగితం మీద మెరుపు చార పడుతుంది.

అన్ని కార్డులూ ఒకేసారి కోసి, ఒకేసారి గాడి వేసి, ఒకేసారి మడిచేయండి. ఒక్కో కార్డునీ మొదలు నుంచి చివరిదాకా పూర్తి చేస్తూ పోతే ప్రతిసారీ సామాన్లు మార్చుకోవాలి.

పై బొమ్మ: రబ్బరు అచ్చు

ఎక్కువ కార్డులు కావాలంటే నా ఓటు దీనికే. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు, కాస్త పెద్దది, కొత్తది ఒకటి తీసుకోండి. ఒకసారి చెక్కితే వంద కార్డులకైనా పనికొస్తుంది.

బొమ్మ సాదాగా ఉండాలి: నక్షత్రం, ఆకు, పువ్వు, దీపం, పిట్ట. సన్నటి గీతలతో నిండిన బొమ్మ రబ్బరు మీద నిలవదు. పల్చటి కాగితం మీద 4బి లాంటి మెత్తటి పెన్సిల్‌తో బొమ్మ వేసి, దాన్ని తిరగేసి రబ్బరు మీద పెట్టి, వెనక నుంచి గోరుతో రుద్దండి. బొమ్మ తిరగబడి రబ్బరు మీదకి ఎక్కుతుంది, అచ్చు వేసినప్పుడు మళ్లీ సరైన వైపుకి వస్తుంది. అక్షరాలు చెక్కేటప్పుడు ఇది మరీ ముఖ్యం. నేరుగా రబ్బరు మీద రాసి చెక్కారంటే కార్డు మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు పడతాయి.

చెక్కేటప్పుడు కట్టర్‌ను నిటారుగా పెట్టకుండా, గీత నుంచి బయటకి వాలుగా కోయండి. బొమ్మ గోడలు కింద వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి. లోపలికి వాలితే పైభాగానికి ఆధారం పోయి, నాలుగు అచ్చులు వేయగానే అంచులు ఊడతాయి. చుట్టూ ఉన్న ఖాళీని రెండు మిల్లీమీటర్ల లోతు తీస్తే చాలు. చెక్కేటప్పుడు బ్లేడు ఎప్పుడూ మీ రెండో చేతికి దూరంగా కదలాలి.

రంగు అద్దడంలో ఒక కిటుకు. అచ్చును తీసుకెళ్లి ఇంకు ప్యాడ్ మీద గుద్దకండి, గుంటల్లోకి కూడా సిరా దిగి మరకలు పడతాయి. అచ్చును బల్ల మీద వెల్లకిలా పెట్టి, ప్యాడ్‌తోనే దాని మీద తడుతూ పోండి. ప్యాడ్ లేకపోతే స్పాంజి ముక్క మీద కొంచెం పోస్టర్ కలర్ తీసుకుని అలాగే అద్దండి. కార్డు కింద నాలుగైదు పొరల పాత పేపర్ పరిచి, అచ్చును నిలువుగా దించి, అరచేత్తో అదిమి, నిలువుగానే ఎత్తండి. అటూ ఇటూ ఊపితే అంచుల దగ్గర రెండో గీత పడుతుంది. మొదటి రెండు మూడు అచ్చులు పాత కాగితం మీద వేసి చూసుకుని అప్పుడు కార్డు మీదకి రండి.

ఒకే అచ్చును మూడు సార్లు, మళ్లీ సిరా అద్దకుండా వరసగా వేస్తే ముదురు నుంచి లేతకి రంగు తగ్గుతూ వస్తుంది. ఒక మూల నుంచి పిట్టలు ఎగిరిపోతున్నట్టు చూపించాలంటే ఇంతకంటే సులువైన దారి లేదు. బొమ్మని కార్డు నట్టనడుమ పెట్టాలన్న నియమమేమీ లేదు. కాస్త కింద, ఒక పక్కకి పెట్టి పైన ఖాళీ వదిలి చూడండి. ఖాళీ ఉందని భయపడి దాన్ని నింపేయడం వల్లే చాలా కార్డులు పాడవుతాయి.

పని అయ్యాక అచ్చును తడి గుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి దాచండి. ప్లాస్టిక్ డబ్బాలో నేరుగా వేస్తే కొన్ని రకాల రబ్బర్లు డబ్బాకి అతుక్కుపోతాయి.

కొవ్వొత్తితో దాచిన బొమ్మ

తక్కువ కార్డులు, తీరిక ఎక్కువ ఉంటే ఇది సరదా పని. వాటర్ కలర్ కాగితం మీద తెల్ల కొవ్వొత్తి ముక్కతోనో, తెల్ల క్రేయాన్‌తోనో బొమ్మ గీయండి. తెలుపు మీద తెలుపు కాబట్టి కనిపించదు. కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తూ గీసుకోవాలి. తర్వాత వెడల్పాటి బ్రష్‌తో పల్చగా కలిపిన రంగు ఒక్కసారి పూయండి. మైనం ఉన్నచోట నీళ్లు నిలవవు, బొమ్మ తెల్లగా బయటపడుతుంది. బ్రష్ మళ్లీ మళ్లీ రుద్దితే ఆ తేట పోతుంది. రెండు రంగులు తడి తడిగా పక్కపక్కనే వేసి వాటంతట అవే కలవనివ్వండి.

రంగు పూసే ముందు అంచుల చుట్టూ మాస్కింగ్ టేపు వేస్తే చివర్న తెల్లటి చట్రం వస్తుంది. పూర్తిగా ఆరాకే టేపు తీయాలి, అదీ పైకి కాకుండా బయటి వైపుకి వాల్చి మెల్లగా. ఆరిన కాగితం కొంచెం వంకర తిరుగుతుంది. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచితే చదునవుతుంది. ఈ పనంతా విడి ముక్క మీద చేసి, ఆరాక కార్డుకి అతికించడం నయం. మడిచిన కార్డు మీదే తడి రంగు వేస్తే మడత ఉబ్బుతుంది.

ఆకులతో చేయాలంటే పచ్చి ఆకు వెనక వైపు, ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే వైపు, రంగు పూసి కార్డు మీద అదిమితే చాలు. నిజం ఆకునే అతికించాలంటే మాత్రం పాత పేపర్ల మధ్య పెట్టి ఒకటి రెండు వారాలు బరువు కింద ఎండనివ్వాలి. తేమ ఉన్న ఆకు కార్డు లోపల నల్లబడుతుంది.

తెరవగానే లేచి నిలబడే కార్డు

పాప్-అప్ అనగానే భయపడతారు కానీ దాని లెక్క రెండు ముక్కల్లో తేలిపోతుంది. దీన్ని కార్డులోనే కోయకూడదు, కోతలు బయటికి కనిపిస్తాయి. 120 నుంచి 160 జీఎస్‌ఎం కాగితం 143 × 205 కొలతకి కోసి, 205 వైపును మధ్యకి మడవండి. మడత వైపు నుంచి లోపలికి, రెండు పొరలూ కలిపి, 20 మిల్లీమీటర్ల ఎడంతో రెండు సమాంతర కోతలు పెట్టండి. ఒక్కో కోత పొడవు 30 మిల్లీమీటర్లు. ఆ నాలికను అటూ ఇటూ మడిచి గుర్తు వేసి, కాగితం తెరిచి, దాన్ని లోపలికి నెట్టండి. మెట్టులాంటి చిన్న పెట్టె నిలబడుతుంది. దాని ముందు ముఖానికి బొమ్మ అతికించాలి.

కార్డు మూసినప్పుడు ఏదీ బయటికి పొడుచుకు రాకూడదు కదా. అందుకు కోత పొడవు, మూసిన కార్డు వెడల్పులో సగం కంటే తక్కువ ఉండాలి. అతికించే బొమ్మ ఎత్తు, కోత పొడవు కలిపితే మూసిన కార్డు వెడల్పు దాటకూడదు. ఇక్కడ కోత 30, లోపలి కాగితం సగం 102, కాబట్టి బొమ్మ 70 దాకా ఉండొచ్చు. రెండు మూడు కోతలు వేర్వేరు పొడవుల్లో పెడితే ఒకటి ముందూ ఒకటి వెనకా నిలబడతాయి. ఈ లోపలి కాగితాన్ని కార్డుకి అతికించేటప్పుడు పెట్టె వెనక భాగంలో జిగురు తగలకుండా చూడండి, తగిలితే అది ఇక లేవదు.

జిగురు

తెల్ల జిగురులో నీళ్లుంటాయి, పెద్ద కాగితాలకి రాస్తే ముడతలు పడతాయి. కాగితం మీద కాగితానికి గ్లూ స్టిక్ గానీ డబుల్ సైడ్ టేపు గానీ వాడండి. తెల్ల జిగురు గుండీలు, దారాలు, ఎండిన ఆకులకి ఉంచుకోండి, అగ్గిపుల్ల మొనతో చుక్క చుక్కగా. మెరుపు పొడి సంగతి మీ ఇష్టం, నేనైతే వద్దనే అంటాను. కవరు విప్పినవాళ్ల బట్టల మీద, నేల మీద వారం దాకా అదే ఉంటుంది.

పైన రాసే మాట

తెలుగు అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. రెండు వరసలు రాస్తుంటే పై వరస వత్తులు కింది వరస గుడులకి తగలకుండా, అక్షరం ఎత్తుకి దాదాపు సమానంగా మధ్యలో ఖాళీ వదలండి. మాట మధ్యకి రావాలంటే ఎడమ అంచు నుంచి అంచనాతో మొదలుపెట్టకండి, చివరి అక్షరాలు ఇరుకులో పడతాయి. ముందు చిత్తు కాగితం మీద అదే సైజులో రాసి, స్కేలుతో పొడవు కొలిచి, కార్డు మీద మొదలు, చివర సన్నటి చుక్కలు పెట్టుకోండి. లేదా మధ్య అక్షరం నుంచి రెండు వైపులకీ రాసుకుంటూ పోండి: ‘శుభాకాంక్షలు’ అయితే నడుమ ‘కాం’ పెట్టి, అటు ‘భా’, ఇటు ‘క్ష’. ముందు పెన్సిల్‌తో, పైన పెన్నుతో. సిరా బాగా ఆరాకే పెన్సిల్ గీత చెరపాలి. ముదురు రంగు కాగితం మీద తెల్ల జెల్ పెన్ బాగా కనిపిస్తుంది, కానీ మెల్లగా రాయాలి, తొందరపడితే సిరా తెగుతుంది.

చేతిరాత బాగుండదని వెనకాడేవాళ్లకి ఒక దారుంది. అక్షరాల్ని మామూలుగా రాసి, ప్రతి అక్షరంలో కిందికి దిగే గీతకి మాత్రం పక్కన ఇంకో గీత కలిపి మందం చేయండి. అదే కాస్త తీర్చిదిద్దినట్టు కనిపిస్తుంది.

లోపలి పేజీ

కార్డుకి ప్రాణం ఇక్కడే ఉంది, అందుకే దీన్ని అలంకరణ కంటే ముందే రాయాలి. 80 జీఎస్‌ఎం కాగితాన్ని కార్డు కంటే అన్ని వైపులా మూడు మిల్లీమీటర్లు చిన్నగా కోసి, మధ్యకి మడిచి, దాని మీద రాయండి. తర్వాత మడత పక్కన సన్నటి జిగురు గీత ఒక్కటి పెట్టి కార్డులో అతికించండి. ఇలా చేస్తే రాత తప్పినా కాగితం మాత్రమే పోతుంది. బాల్ పెన్ ఒత్తిడి కూడా బయటి బొమ్మ మీద పడదు. పాప్-అప్ ఉన్న కార్డుకైతే రాత దాని కింది సగంలోనే, పెట్టె నిలబెట్టక ముందే.

1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, వచ్చిన ఉత్తరాలన్నిటికీ జవాబు రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్లీ అనే చిత్రకారుడి చేత క్రిస్మస్ కార్డు గీయించి అచ్చు వేయించాడు. అమ్మకానికి వచ్చిన తొలి క్రిస్మస్ కార్డు అదేనంటారు. శుభాకాంక్ష అచ్చులోనే ఉంది, ఎవరికి, ఎవరి నుంచి అన్న చోట్లు మాత్రం ఖాళీగా వదిలారు. రాసే పని తప్పించుకోవడానికి పుట్టిన వస్తువులోనే పేరు మాత్రం చేత్తో రాయక తప్పలేదు. ఇంట్లో ఇంత కష్టపడి కార్డు చేసి, లోపల ‘మీకూ మీ కుటుంబ సభ్యులకూ’ అని ఒక్క ముక్క రాసి పంపితే అది కూడా అచ్చు కార్డే అవుతుంది.

నాలుగు వాక్యాలు చాలు. మొదట పేరు, మీరు వాళ్లని పిలిచే పిలుపుతోనే. తర్వాత ఆ మనిషికి మాత్రమే చెందిన ఒక్క విషయం: ‘నువ్విచ్చిన మొక్క రెండో కుండీలోకి మారింది’, ‘మీరు చెప్పారని పొద్దున్నే నడక మొదలుపెట్టాను అత్తయ్యా’, అలాంటిది. ఆ తర్వాతే శుభాకాంక్ష. ఎవరికి ఏం రాయాలో తోచకపోతే మొదట రాసుకున్న పేర్ల జాబితా తీసి, ప్రతి పేరు పక్కన ఒక్క మాట గుర్తుకి రాసుకోండి. ఆ ఏడాది ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లకి కార్డు పంపేటట్టయితే మెరిసే బొమ్మలు, కేరింతల మాటలు తగ్గించి, వాళ్లు గుర్తుకొస్తున్నారని సూటిగా రాయండి. కార్డు వెనక కింది మూల సంవత్సరం వేయడం మరిచిపోకండి.

కవరు

ఎ4 కాగితం నుంచి 210 × 210 చదరం కోయండి. దాన్ని ఒక మూల మీ వైపు ఉండేలా పెట్టి, మధ్యలో కార్డును అడ్డంగా పడుకోబెట్టండి. కుడి, ఎడమ మూలలు కార్డు మీదకి మడిస్తే దాదాపు మధ్యలో కలుసుకుంటాయి. కింది మూల వాటి మీదకి వస్తుంది, పై మూల మూత అవుతుంది. మడతలు కార్డు అంచుకి తగిలేలా కాకుండా రెండు మూడు మిల్లీమీటర్లు వదులుగా వేయండి, లేకపోతే కార్డు బయటికి రాదు. కార్డు తీసేసి, పక్క మడతల మీద కింది మడతను అంచుల వెంబడి మాత్రమే అతికించండి. మూతను జిగురుతో కంటే చిన్న కాగితపు చుక్కతోనో, అదే రబ్బరు అచ్చు వేసిన బిళ్లతోనో మూస్తే విప్పేటప్పుడు చిరగదు.

పోస్టులో పంపే కవరుకి ముదురు రంగు కాగితం వద్దు, చిరునామా చదవలేరు. చిరునామా నీళ్లకి చెదరని బాల్ పెన్‌తో రాసి, స్టాంపు కోసం కుడివైపు పై మూల ఖాళీగా వదలండి. ఉబ్బెత్తు బొమ్మలున్న కార్డు తప్పనిసరిగా పోస్టులోనే వెళ్లాలంటే కార్డు సైజు గట్టి అట్ట ముక్క ఒకటి కవరులో జత చేయండి. అన్నీ పెట్టి మూసిన కవరు ఒకటి తీసుకెళ్లి పోస్టాఫీసులో తూకం వేయించి, ఎంత స్టాంపు పడుతుందో కనుక్కున్నాకే మిగతావాటికి స్టాంపులు అంటించండి. చదరపు కార్డులు, మందపాటి కవర్లు ఉంటే అదనంగా పడుతుందేమో అప్పుడే అడిగేయండి.